బుధవారం కట్టిన తెర

ఆదివారం మధ్యాహ్నం నలుగురు ఆడపిల్లలు సెయ్‌కిచి సుషీ కొట్టు ముందు ఆగారు. వాళ్ళలో పెద్దది గుమ్మానికి వేలాడే నీలం తెరను ఒక చేత్తో తప్పించి, లోపలికి అడుగు పెట్టకుండా తొంగిచూసింది. రేవులో చేపల ఫ్యాక్టరీలో పనిచేసే వియత్నాం వాళ్ళు. రోజూ తెల్ల రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ టోపీలతో కనబడేవాళ్ళు ఇవాళ జుట్టు దువ్వుకుని, మంచి బట్టలు వేసుకుని వచ్చారు. ఒకమ్మాయి పెదవులకు రంగు కూడా వేసుకుంది.

"నలుగురం. కూర్చోవచ్చా?" అని అడిగింది పెద్దామె.

బల్ల వెనక సెయ్‌కిచి కత్తి తుడుస్తున్నాడు. తల ఎత్తి చూశాడు. బల్ల ముందు ఒక చివర మంగలి నెజు కూర్చుని బీరు తాగుతున్నాడు. మిగతా కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"నిండిపోయిందమ్మా. అన్నీ ముందే చెప్పుకున్నవి."

ఆమె ఖాళీ కుర్చీల వైపు చూసింది. ఒక్కో కుర్చీనీ చూసింది. తర్వాత సెయ్‌కిచి ముఖం చూసి, "సరే" అంది. తెర వదిలేసింది. అది రెండుసార్లు ఊగి ఆగింది. బయట చెప్పుల చప్పుడు దూరమైంది.

వంటింటి గుమ్మంలోంచి చిగుసా ఇదంతా చూసింది. ఆమె చేతిలో విసనకర్ర ఉంది. ముందున్న చెక్క తొట్టిలో వెనిగర్ కలిపిన వేడి అన్నం పొగలు కక్కుతోంది. ఒక చేత్తో చెక్క గరిటెను అన్నంలోకి కత్తిలా దించుతూ, ఇంకో చేత్తో విసురుతూ ఉండాలి. విసరడం ఆపితే మెతుకు మీద మెరుపు రాదు. ఆమె ఆపేసింది.

"ఎవరొస్తున్నారేంటి, మంత్రిగారా?" అన్నాడు నెజు, ఖాళీ కుర్చీల మీదుగా చూస్తూ.

"నోరు మూసుకుని తాగు" అన్నాడు సెయ్‌కిచి. వెనిగర్‌లో ఊరిన కానాగంత చేప ముక్క ఒకటి తీసి, అన్నం ముద్ద మీద వత్తి, అడక్కుండానే నెజు ముందు పెట్టాడు. "ఇది తిను. నీకేం కావాలో నీకంటే నాకే బాగా తెలుసు."

నెజు దాన్ని నోట్లో వేసుకుని, వెంటనే బీరు గ్లాసు ఎత్తాడు.

రెండు గంటలకు కొట్టు ఖాళీ అయింది. సెయ్‌కిచి సానరాయి తడిపి కత్తులు నూరడం మొదలుపెట్టాడు. చిగుసా తొట్టి కడిగి ఎండలో వాల్చి వచ్చి, అతని ఎదురుగా నిలబడింది.

"వాళ్ళని ఎందుకు పంపేశావు, తాతయ్యా?"

"కొట్లో తాతయ్య లేడు."

"అయితే మేస్త్రీ, వాళ్ళని ఎందుకు పంపేశారు?"

సెయ్‌కిచి కత్తి తిప్పి రెండో వైపు నూరాడు. "మొదటిసారి తినేవాళ్ళకి సుషీ పెట్టడమంటే ఆషామాషీ అనుకున్నావా? ఈ ఊళ్ళో బడిలో చేరే ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటి ముద్ద నేనే పెట్టాను. నీకూ ఈ కుర్చీలోనే పెట్టాను. ముందు గుడ్డట్టు, తర్వాత ఉడికిన రొయ్య, ఆ తర్వాత తెల్ల చేప. పచ్చటి వసాబి ముద్ద ఘాటు అసలు తగలనివ్వను. పెట్టి దవడ చూస్తాను. నోరు అబద్ధం చెప్తుంది గానీ దవడ చెప్పదు. అది ఆగిందా, నేనూ ఆగిపోతాను."

"అయితే?"

"వాళ్ళ దవడలు నాకు తెలీవు. మొహం చూస్తే ఏమీ అర్థం కాదు. ఒకత్తి ఉమ్మేసిందనుకో, పక్కన కూర్చున్నవాడు చూస్తాడు. ఈ బల్ల మీద ఇంతవరకు ఎవరూ ఉమ్మలేదు."

"నేనప్పుడు కానాగంత కావాలని ఏడ్చాను. గుర్తుందా?"

"పెట్టలేదుగా."

"అదే చెప్తున్నాను" అంది చిగుసా.

సెయ్‌కిచి బొటనవేలితో కత్తి అంచు చూసుకున్నాడు. ఇంక మాట్లాడలేదు. అతను మాట్లాడనప్పుడు మాట అయిపోయినట్టే. చిగుసాకు పద్నాలుగేళ్ళప్పుడైతే అలాగే అనిపించేది. ఇప్పుడు పంతొమ్మిది వచ్చాయి. ఆమె వంటింట్లోకి వెళ్ళి, రాగి పెనం తీసి, అవసరం లేకపోయినా గట్టిగా తోమింది.

*

సోమవారం పొద్దున్న కొట్టు తెరుస్తూ గుమ్మానికి తెర కట్టడానికి సెయ్‌కిచి చేయి ఎత్తితే భుజం దగ్గర పట్టేసింది. వెదురు కర్రకు గుచ్చిన తెరను సగం దాకా ఎత్తి, పళ్ళు బిగించి అలాగే నిలబడిపోయాడు. చిగుసా పరుగెత్తుకొచ్చి కర్ర పట్టుకోబోయింది.

"వదులు!"

"మీ భుజం..."

"వదలమన్నానా. తెర కట్టినవాడే బల్ల వెనక నిలబడాలి. కట్టినవాడే విప్పాలి. ఆ మధ్యలో బల్ల వెనక ఇంకెవరికీ పని లేదు, దేవుడు దిగొచ్చినా సరే. మా మేస్త్రి నాకు మొదట నేర్పింది ఇదే. కత్తి పట్టడం ఆ తర్వాత."

"ఒక్కరోజు నేను కడితే?"

"కడితే నిలబడాలి. నిలబడతావా?" అని వెటకారంగా చూశాడు. మెల్లగా కర్రను కొక్కేల మీదికి ఎక్కించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

చిగుసా సుషీ వత్తేది వెనక వంటింట్లో. ఇళ్ళకు పంపే లక్క పళ్ళాల్లో పేర్చేవన్నీ రెండేళ్ళుగా ఆమె చేతివే. ఊళ్ళో పెళ్ళిచూపులకు, చావు భోజనాలకు, ఎన్నికల్లో గెలిచినవాళ్ళ ఇళ్ళకు అవే వెళ్తాయి. తిన్నవాళ్ళు సెయ్‌కిచి చేతివే అనుకుంటారు. బల్ల వెనక మాత్రం ఆమె ఎప్పుడూ నిలబడలేదు. 'ముద్ద వత్తడం చేతి పని. బల్ల వెనక నిలబడడం కంటి పని. నీకింకా కన్ను రాలేదు' అంటాడు.

పదకొండింటికి ఫోన్ మోగింది. చేపల ఫ్యాక్టరీ యజమాని కురమొచి. ఆయన గొంతు ఎప్పుడూ మైకు ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

"చిగుసా, నువ్వేనా? శుక్రవారానికి నాలుగు డబ్బాలు కావాలమ్మా. మా వియత్నాం పిల్లల పని గడువు అయిపోయింది, శనివారం వెళ్ళిపోతున్నారు. జపాన్ వచ్చి సుషీ తినకుండా పోయారంటే నాకు పరువు తక్కువ కదా! కంపెనీ పత్రికకు ఫొటో కూడా తీయిస్తున్నాను."

"ఏమేం పెట్టమంటారు?"

"పచ్చిది వద్దు. వాళ్ళకి పడదు. గుడ్డట్టు, ఉడికిన రొయ్య, దోసకాయ చుట్ట, తీపి టోఫు సంచుల్లో అన్నం. అంతే. వసాబి అసలు వద్దు. చిన్నపిల్లల డబ్బా ఉంటుందే, అదే అనుకో."

"వాళ్ళని అడిగారా?"

"ఏమని అడగాలి?"

"ఏం తింటారని."

"అడిగితే ఏం చెప్తారు, వాళ్ళకేం తెలుసు?" అని నవ్వేశాడు కురమొచి. "మీ తాతకి చెప్పు, మూత పైన మంచి కాగితం చుట్టమని."

చిగుసా ఫోన్ పెట్టేసి విషయం చెప్పింది. సెయ్‌కిచి తల ఊపాడు. "సరిగ్గా చెప్పాడు. అలాగే పంపు."

"వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేపలే కోస్తారు, మేస్త్రీ."

"కోయడం వేరు, తినడం వేరు."

"అవును, వేరే" అంది చిగుసా. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, బల్ల దగ్గరున్న ఇద్దరు జాలర్లు తలలు తిప్పి చూశారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కానీ తల దించుకోలేదు.

*

బుధవారం రేవులో వేలం ఉండదు. అందుకే కొట్టుకూ అదే సెలవు, ఫ్యాక్టరీ కూడా మధ్యాహ్నానికి మూస్తారు. మంగళవారం పొద్దున్న వేలం షెడ్డు నుంచి చేపల పెట్టెను చక్రాల బండి మీద లాక్కొస్తూ, చిగుసా ఫ్యాక్టరీ వెనక సందులోకి తిరిగింది.

ఆదివారం తెర ఎత్తిన ఆమె అక్కడ గొట్టంతో నీళ్ళు కొడుతూ ప్లాస్టిక్ ట్రేలు కడుగుతోంది. మోచేతుల దాకా గులాబీ రంగు తొడుగులు. ఆమె పేరు థూయ్ అని టోపీ మీద రాసి ఉంది. పక్కన చిన్నమ్మాయి ఒకతె ట్రేలు పేరుస్తోంది. ఆదివారం పెదవులకు రంగు వేసుకున్న పిల్ల.

"నేను సెయ్‌కిచి కొట్టు అమ్మాయిని" అంది చిగుసా.

"తెలుసు చెల్లీ. వంటింట్లోంచి చూస్తున్నావుగా." థూయ్ నీళ్ళు ఆపలేదు. "మీ కొట్టు భలే నడుస్తుంది. ఆరోజు కుర్చీల నిండా గాలి కూర్చుని ఉంది."

చిగుసా బండి చెక్క మీద గోరుతో గీసింది. చెప్పాలనుకున్న మాటలన్నీ దారిలో వల్లె వేసుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు.

"రేపు రండి. రేపు నేను నిలబడతాను."

"రేపు మీకు సెలవు కదా?"

"అందుకే."

థూయ్ గొట్టం ఆపి, ఆమెను తేరిపార చూసింది. "మీ తాతకి తెలుసా?"

"తెలీదు."

"అంటే వెనక గుమ్మంలోంచి రమ్మంటావు. చప్పుడు చెయ్యకుండా తిని పొమ్మంటావు. అంతేగా?"

"కాదు" అంది చిగుసా. "తెర కడతాను. ముందు నుంచే రండి."

నోట్లోంచి ఆ మాట వచ్చాక గానీ అదేమిటో ఆమెకు పూర్తిగా తెలియలేదు. తెర కడితే రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనబడుతుంది. బుధవారాలు తాతయ్య చదరంగం ఆడే జాలర్ల సంఘం గది నాలుగు కొట్ల అవతలే ఉంది. ఆయనకు తెలిస్తే వంటింట్లో నిలబడే చోటు కూడా ఉండకపోవచ్చు.

"డబ్బులిస్తాం. ఊరికే తినం" అంది థూయ్.

"తీసుకుంటాను."

చిన్నమ్మాయి వియత్నాం మాటల్లో ఏదో అని ముక్కు మూసుకుంది. థూయ్ పకపకా నవ్వింది. "ఇది లియెన్. దీనికి చేప వాసనే పడదు. చూడు, ఎక్కడికొచ్చి పడిందో!"

ఆ మధ్యాహ్నం చిగుసా కానాగంతలు శుభ్రం చేసింది. వీపు మీద పచ్చటి చారలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. తల తీసి, పొట్ట చీల్చి, వెన్నెముకకు ఆనించి కత్తిని తోక దాకా ఒకేసారి లాగింది. రెండు పలకలుగా విడిన మాంసం మీద ఉప్పు మంచులా కప్పి, వెదురు జల్లెడలో వాల్చి పెట్టింది. నీరంతా కారిపోయి ముక్క బిగుసుకున్నాక కడిగి, తుడిచి, వెనిగర్‌లో ముంచింది. అంచు తెల్లబడేదాకా చూసి బయటికి తీసింది. మధ్యలో దాగిన ముళ్ళను వేలితో తడిమి ఒక్కొక్కటే చిన్న పట్టకారుతో పీకింది. కానాగంతను ఇవాళ ఊరబెడితే రేపటికి రుచి.

"రేపు సెలవు కదా, ఇన్నెందుకు?" అన్నాడు సెయ్‌కిచి వెనకనుంచి.

"గురువారానికి."

మామూలుగా అబద్ధం చెప్తే చిగుసా చెయ్యి తడబడుతుంది. పట్టకారు మాత్రం అప్పుడు పట్టిన ముల్లును తిన్నగా లాగింది.

*

బుధవారం భోజనాల వేళకి సెయ్‌కిచి చదరంగానికి వెళ్ళాడు. చిగుసా అన్నం వండి, కలిపి, విసిరి చల్లార్చింది. గుడ్డట్టును పలచటి పొరలు పొరలుగా పోసి మడిచి, చదరపు ఇటుకలా తయారు చేసింది. రొయ్యల పొట్ట వైపు పుల్ల గుచ్చి ఉడికించింది, వంకర పోకుండా. అద్దాల పెట్టెలో అన్నీ వరసగా పేర్చింది. తర్వాత తెర తీసుకుని వీధిలోకి వచ్చింది.

వెదురు కర్ర అనుకున్నంత బరువు లేదు. కొక్కేలకు అందడానికి మాత్రం మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. ఎక్కించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. ఎదురుగా మందుల కొట్టావిడ నోరు తెరిచి చూస్తోంది. చిగుసా ఆమెకు తల వంచి నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళి, బల్ల వెనక నిలబడింది.

అక్కడినుంచి కొట్టు వేరేలా కనిపించింది. కుర్చీలు చాలా దగ్గరగా ఉన్నాయి.

నలుగురూ ముందు గుమ్మంలోంచే వచ్చారు. తెర కింద థూయ్ ఒక్క క్షణం ఆగి, దాని అంచును వేళ్ళతో తాకి చూసింది. అందరూ కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. వేడి టీ పోసి, చిగుసా చేతులు తడుపుకుని మొదటి ముద్ద తీసుకుంది. వంటింట్లో కళ్ళు మూసుకుని చేసే పని. ఇక్కడ నాలుగు జతల కళ్ళు వేళ్ళనే చూస్తున్నాయి. మొదటి ముద్ద చేతిలోనే విడిపోయింది.

"మొదటిరోజు నాకూ చేప చేతిలోంచి జారి కాలి మీద పడింది" అంది థూయ్. "బూటు ఉండబట్టి సరిపోయింది."

చిగుసా నవ్వలేదు గానీ ఊపిరి వదిలింది. రెండో ముద్ద నిలబడింది. గుడ్డట్టు పెట్టి, సన్నటి నాచు రేకుతో నడుం కట్టింది. నలుగురికీ పెట్టింది. తిన్నారు. "బావుంది" అన్నారు. తర్వాత ఉడికిన రొయ్య పెట్టింది. "బావుంది" అన్నారు, అదే గొంతుతో. ఆమె వాళ్ళ దవడలనే చూస్తోంది. తాతయ్య చెప్పినట్టే చూస్తోంది. దవడలు నమిలాయి, అంతే. అవేం చెప్పలేదు.

అప్పుడు తెర కదిలి, నెజు తల లోపలికి వచ్చింది.

"బుధవారం తెరిచారేంటి! ముసలాడు పోయాడా?"

"చదరంగం ఆడుతున్నారు."

నెజు ఆమెనూ, కుర్చీల్లో ఉన్నవాళ్ళనూ, తెరనూ మార్చి మార్చి చూశాడు. తల వెనక్కి తీసుకున్నాడు. చిగుసా కత్తిని కిందపెట్టి గుడ్డతో చేపలు కోసే పీట తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. పారిపోవడానికి ఇంకా సమయం ఉంది. తెర దించి, తలుపు మూసి, 'ఏం లేదు, శుభ్రం చేస్తున్నాను' అనొచ్చు. ఆమె తెల్ల చేప పలకను ముందుకు లాక్కుని కోయడం మొదలుపెట్టింది.

తలుపు విసురుగా తెరుచుకుంది. సెయ్‌కిచి గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక నెజు మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాడు. సెయ్‌కిచి బల్ల చివర చెక్క తలుపు దగ్గరికి వచ్చాడు. దాన్ని తోస్తే బల్ల వెనక్కి వెళ్ళొచ్చు. చెయ్యి తలుపు మీద పెట్టాడు.

"తెర నేను కట్టాను" అంది చిగుసా.

గొంతు చిన్నదే. అయినా టీ పొగ కూడా ఆగిపోయినట్టు అందరూ విన్నారు. సెయ్‌కిచి మెడ మీద నరం లేచింది. చెయ్యి తలుపు మీదే ఉంది. చిగుసా కళ్ళు తిప్పుకోలేదు. చాలాసేపటికి అతను చెయ్యి తీసి, చివరి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన కొట్లో ఆ వైపు ఎప్పుడూ కూర్చోలేదు. మోచేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన నెజు చేరాడు.

చిగుసా తెల్ల చేప ముక్కలు నలుగురి ముందూ పెట్టింది. లియెన్ థూయ్ చెవిలో ఏదో అంది. థూయ్ మోచేత్తో పొడిచింది.

"ఏమంటోంది?" అని అడిగింది చిగుసా.

"ఏం లేదులే."

"చెప్పండి."

థూయ్ కాసేపు టీ గిన్నెను తిప్పింది. "వసాబి ఎందుకు వెయ్యలేదు అంటోంది. మేం దానితో నూడుల్స్ కూడా తింటాం. మనల్ని బడిపిల్లలనుకుంటోందా అని అడుగుతోంది."

గుడ్డట్టు, ఉడికిన రొయ్య, వసాబి లేకుండా. కురమొచి ఫోన్‌లో చెప్పిన డబ్బా. అదే తను పింగాణీ పలకల మీద పెట్టింది. తెర కట్టి, ముందు గుమ్మంలోంచి పిలిచి, ఆ డబ్బానే పెట్టింది. చిగుసాకు ముఖం మండిపోయింది. చేతిలో ఉన్న ముద్దను పక్కన పెట్టి, రెండు చేతులూ పీట మీద ఆనించింది.

"క్షమించండి. నేను అడగలేదు. ఏం తింటారు?"

నలుగురూ అద్దాల పెట్టె వైపు వంగారు. ఇంతసేపూ ఒళ్ళో ఉన్న చేతులు బల్ల మీదికి వచ్చాయి. అద్దం మీద వేళ్ళ గుర్తులు పడ్డాయి. తమలో తాము వాదించుకున్నారు. ఒకామె టూనా చేప అంది, ఇంకొకామె రెండు రొయ్యలంది, ఒకటి వసాబితో. థూయ్ వేలు మాత్రం వెంటనే ఒకచోట ఆగింది.

"ఇది."

"కానాగంత అన్నిటికంటే చివర" అన్నాడు సెయ్‌కిచి, అలవాటుగా. "మొదటిసారి తినేవాళ్ళకి అసలు పెట్టకూడదు. దాని వాసన..."

"తాతయ్యా, ఇవాళ మేస్త్రి ఎవరు?"

నెజు దగ్గు ఆపుకోలేక చొక్కా చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"వాసన మాకు తెలుసు తాతా" అంది థూయ్, నెమ్మదిగా. "మూడేళ్ళుగా మా జుట్టులో ఉంది. దిండు మీద ఉంది. రుచే తెలీదు."

చిగుసా కానాగంత పలక తీసి, తల వైపు నుంచి వేళ్ళతో పలచటి పైపొరను ఒలిచింది. కింద వెండి చారలు బయటపడ్డాయి. వాలుగా కోసి, మధ్యలో సన్నటి గాటు పెట్టి, అన్నం మీద వసాబి రాసి వత్తింది. ఈసారి వేళ్ళు ఎవరి కళ్ళనూ పట్టించుకోలేదు.

థూయ్ నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఆమె దవడ ఒకసారి ఆగింది. మళ్ళీ కదిలింది. చిగుసాకు ఏమీ అర్థం కాలేదు, థూయ్ చెప్పేదాకా ఆగింది.

"ఇంత మెత్తగా ఉంటుందా!" అంది థూయ్. "మా చేతికి ఎప్పుడూ గడ్డకట్టి వస్తుంది. రాయి కోసినట్టు కోస్తాం. ఇంకోటి ఇవ్వు."

లియెన్‌కు పౌరుషం వచ్చింది. తనకూ అదే కావాలంది. "వద్దే, నీకు పడదు" అని థూయ్ అంటుండగానే ముక్క మొత్తం నోట్లో వేసుకుంది. రెండుసార్లు నమిలింది. కళ్ళు పెద్దవయ్యాయి. చేతిగుడ్డ లాక్కుని అందులో ఉమ్మేసింది.

సెయ్‌కిచి కళ్ళు మూసుకున్నాడు.

"మా గదిలాగే ఉంది!" అంది లియెన్, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. "అచ్చం మా గది!"

ముందు నవ్వింది నెజు. బల్ల మీద అరచేత్తో కొట్టి మరీ నవ్వాడు. "శభాష్ పిల్లా! నాకూ ఇది పడదు. వీడు కొట్టు పెట్టినప్పటినుంచి పెడుతూనే ఉన్నాడు, నేను బీరుతో మింగుతూనే ఉన్నాను."

సెయ్‌కిచి కళ్ళు తెరిచాడు. "ఏంటి?"

"కానాగంతరా. నాకు పడదు."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగావు?"

సెయ్‌కిచి నెజు దవడ వైపు చూశాడు. ఎన్నేళ్ళుగానో చూస్తున్న దవడ. దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. నెజు ఇంకా నవ్వుతున్నాడు. చిగుసా వాళ్ళ వైపు చూడకుండా లియెన్ పలక మార్చి, శుభ్రమైన చేతిగుడ్డ ఇచ్చి, అడిగింది: "నీకేం కావాలి?"

"గుడ్డట్టు" అంది లియెన్, సిగ్గు లేకుండా. "మూడు. వసాబితో."

"గుడ్డట్టు మీద వసాబి వెయ్యరు" అన్నాడు సెయ్‌కిచి నీరసంగా.

చిగుసా వేసింది.

ఆ తర్వాత కొట్టంతా గోలగోలగా తిన్నారు. థూయ్ కానాగంతతోనే సాగింది. మధ్యలో అడిగింది: "శుక్రవారం మా డబ్బాల్లో ఏం వస్తోంది?"

చిగుసా ఉన్నదున్నట్టు చెప్పింది. నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి. మీరు ఏం చెప్తే అదే పెడతాను" అంది చిగుసా.

"కురమొచి ఫోన్ చేస్తే?" అన్నాడు సెయ్‌కిచి.

"నేనే మాట్లాడతాను."

"మూత మీద కాగితం చుట్టి ఉంటుందిగా" అన్నాడు నెజు. "ఫొటోలో కానాగంత వాసన వస్తుందా ఏంటి?"

అందరికీ పెట్టాల్సింది పెట్టాక, చిగుసా బల్ల వెంట జరిగి చివరి కుర్చీ ఎదురుగా నిలబడింది. చేతులు తడుపుకుంది.

"మీకేం ఇమ్మంటారు?"

సెయ్‌కిచి తల ఎత్తాడు. అద్దాల పెట్టె వైపు చూశాడు. ఆ వైపు నుంచి చూడడం అతనికి కొత్త. చేపలన్నీ తలకిందులుగా ఉన్నట్టు ముఖం పెట్టాడు. టూనా మీద కళ్ళు ఆగాయి, తెల్ల చేప మీదికి వెళ్ళాయి, వెనక్కి వచ్చాయి. అందరికీ ఏం కావాలో అతనే చెప్పేవాడు. తనకేం కావాలో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. చిగుసా తొందరపెట్టలేదు. ఏదో ఒకటి తీసి పెట్టాలని చెయ్యి లాగింది. ఆపుకుంది.

"గుడ్డట్టు" అన్నాడు చివరికి, బల్లకేసి చూస్తూ.

"వసాబి వెయ్యనా?"

నెజు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. సెయ్‌కిచి అతని కాలు తొక్కి, "వద్దు" అన్నాడు.

చిగుసా గుడ్డట్టు కోసి, వత్తి, నాచు రేకుతో నడుం కట్టి అతని ముందు పెట్టింది. అతను రెండు వేళ్ళతో తీసుకుని నోట్లో వేసుకున్నాడు. చిగుసా అతని దవడ వైపు చూడలేదు.

"ఎలా ఉంది?" అని అడిగింది.

అతను మింగాడు. "ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది." కాసేపాగి, "ఇంకోటి ఇవ్వు" అన్నాడు.

నాలుగు గంటలకు వాళ్ళు లేచారు. థూయ్ డబ్బు బల్ల మీద పెట్టింది. చిగుసా మొత్తం తీసుకుంది, ఒక్క యెన్ తగ్గించలేదు. గుమ్మం దాకా వెళ్ళి వీధిలో నిలబడి తల వంచింది. మందుల కొట్టావిడ ఇంకా చూస్తూనే ఉంది.

వాళ్ళు మలుపు తిరిగాక, సెయ్‌కిచి బయటికి వచ్చి అలవాటుగా తెర వైపు చెయ్యి ఎత్తాడు.

"ఉంచండి" అంది చిగుసా. "కట్టినవాళ్ళే విప్పాలి."

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. భుజం నొప్పో ఏమో, అతను దాన్ని మెల్లగా దించుకున్నాడు. చిగుసా మునివేళ్ళ మీద లేచి కర్రను కొక్కేల నుంచి ఎత్తింది. తెరను మడత మీద మడత వేసింది. లోపల గోడకు రోజూ దాన్ని తగిలించే మేకు ఉంది, సెయ్‌కిచి ఇందాక కూర్చున్న కుర్చీ పక్కన. ఆమె ఆ మేకు దాటి వెళ్ళి, తెరను చంకలో పెట్టుకుని, మేడ మీద తన గదికి వెళ్ళే మెట్లు ఎక్కింది.